వలస కథల్లో పెళ్లి: ఆ భార్య ఎవరి కాగితం మీద బతుకుతోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఎంఏ ఇంగ్లీషు చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకి మీరు భారతి ముఖర్జీ 'జాస్మిన్', మోనికా అలీ 'బ్రిక్ లేన్', ఝుంపా లాహిరి కథలు కొన్ని తీసుకున్నారు. 'సంప్రదాయ వివాహం నుంచి స్వేచ్ఛ వైపు: వలస స్త్రీ ప్రయాణం' అని పేరు పెట్టారు. గైడు చదివి 'ఇందులో కథాసారాంశం ఉంది, వాదన లేదు' అన్నారు. లోపం ఎక్కడుందో చెప్పమంటున్నారు. భర్తలందరినీ విలన్లుగా రాయాలా, మన సంస్కృతిని మనమే తిట్టుకున్నట్టు అవుతుందా అని మీకు మరో టెన్షన్.

చాలా ఏళ్లు పీజీ విద్యార్థులకు ఈ పుస్తకాలు చెప్పాను, ఇలాంటి ప్రాజెక్టులు దిద్దాను. మీ గైడు అన్నది సబబే. చిక్కంతా శీర్షికలోనే ఉంది.

ఆ శీర్షిక పెట్టగానే నవల మొత్తం రెండు రంగుల మ్యాపు అయిపోతుంది. ఒక పక్క స్వదేశం, అక్కడంతా చీకటి. ఇంకో పక్క అమెరికానో లండనో, అక్కడంతా వెలుగు. కథానాయిక విమానం ఎక్కడమే విముక్తి. ఇక మీకు మిగిలే పని, ఆమె ఏ పేజీలో చీర మానేసి జీన్స్ వేసుకుందో వెతకడం. దానికి సిద్ధాంతం అక్కర్లేదు, స్త్రీవాదమూ అక్కర్లేదు.

ఈ మ్యాపుని 1980ల్లోనే గట్టిగా ప్రశ్నించారు. పాశ్చాత్య స్త్రీవాద రచనల్లో చాలావరకు 'మూడో ప్రపంచ స్త్రీ' అని ఒకే బొమ్మను తయారు చేశాయని స్త్రీవాద సిద్ధాంతకర్త చంద్రా తల్పడే మొహంతి రాశారు. ఆ బొమ్మ ఎప్పుడూ బాధితురాలే, చదువు లేనిదే, ఇంటికి కట్టుబడ్డదే. ఆమెను పక్కన నిలబెడితే పాశ్చాత్య స్త్రీ పుట్టుకతోనే స్వేచ్ఛాజీవిలా కనిపిస్తుంది. మరో సిద్ధాంతకర్త గాయత్రీ చక్రవర్తి స్పివాక్ సతి నిషేధం చర్చను తీసుకుని ఇంకా పదునైన సంగతి చెప్పారు. ఆమెను ఆమె మగవాళ్ల నుంచి కాపాడుతున్నామని బ్రిటిష్ పాలకులు చెప్పుకున్నారు. ఆమే చావును కోరుకుందని ఇక్కడి సంప్రదాయవాదులు అన్నారు. ఈ రెండు మాటల మధ్య ఆమె గొంతుకు చోటే లేకుండా పోయింది. మీ ప్రాజెక్టులో ఈ ఇద్దర్నీ మొదటి అధ్యాయంలో పరిచయం చేశారు, బాగుంది. రెండో అధ్యాయం నుంచి మళ్లీ వాళ్లు విమర్శించిన మ్యాపులోనే నడిచారు.

అలాగని 'మన పెళ్లిళ్లలో ఏ లోపమూ లేదు, బయటివాళ్లకు అర్థం కాదు' అని అవతలి గట్టుకు దూకకండి. 'బ్రిక్ లేన్'లో నజ్నీన్‌కి పద్దెనిమిదేళ్లకే నలభై ఏళ్ల చానుతో పెళ్లి చేశారు. దాన్ని ఏ సిద్ధాంతమూ అందంగా చూపలేదు.

నేనైతే ప్రతి కథనీ ఒక్క ప్రశ్నతో మొదలుపెడతాను: ఈ భార్య పరాధీనతను తయారు చేసిందెవరు? కుటుంబం కొంత చేసి ఉంటుంది. చేరిన దేశపు చట్టం కొంత చేసింది, కూలి మార్కెట్ కొంత చేసింది. కథకులు ఈ మూడింటినీ విడదీయకుండా చూపిస్తారు, ఎందుకంటే జీవితంలో అవి విడివిడిగా రావు. విమర్శకురాలిగా మీ పని వాటిని విడదీసి చూపించడం.

ముందు కాగితాల సంగతి. వలస కథలో పెళ్లి అంటే ఒక సంబంధంతో పాటు ఒక ఇమ్మిగ్రేషన్ కేటగిరీ. అమెరికాలో 1907 చట్టం ప్రకారం విదేశీయుణ్ణి పెళ్లాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వాన్నే పోగొట్టుకునేది. 1922లో కేబుల్ చట్టం దాన్ని సడలించింది. అయితే పౌరసత్వానికి అనర్హులని ముద్ర వేసిన ఆసియా మగవాళ్లను చేసుకున్న స్త్రీలకు ఆ సడలింపు 1931 దాకా అందలేదు. భర్తను బట్టే భార్య అనే సూత్రం ఏ పల్లెటూరి పెద్దమనుషులో కనిపెట్టింది కాదన్నమాట, వాషింగ్టన్‌లో చట్టం చేసి మరీ పెట్టుకున్నారు. తర్వాత 1986లో, దొంగ పెళ్లిళ్లను అరికట్టే పేరుతో, పౌరుణ్ణో గ్రీన్‌కార్డు ఉన్నవాణ్ణో కొత్తగా చేసుకున్నవాళ్లకు రెండేళ్ల షరతు పెట్టారు. గడువు తీరేటప్పుడు దంపతులిద్దరూ కలిసి దరఖాస్తు చేయాలి. భర్త కొడుతున్నా సరే, అతని సంతకం కోసం ఆ రెండేళ్లూ ఓర్చుకోవాల్సిన స్థితి. హింసకు గురైనవాళ్లకు మినహాయింపు 1990లో గానీ రాలేదు. అమెరికన్ న్యాయశాస్త్ర పండితురాలు కింబర్లీ క్రెన్‌షా 1991లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ చట్టాన్నే ఒక ముఖ్య ఉదాహరణగా తీసుకున్నారు. ఇంటర్‌సెక్షనాలిటీ (జాతి, లింగం లాంటి వివక్షలు ఒకే మనిషి మీద కలిసి పని చేసే తీరు) అన్న మాటను మీరు ప్రాజెక్టులో చాలాచోట్ల వాడారు, ఈ ఉదాహరణను మాత్రం వదిలేశారు. మీ అంశానికి దీనికంటే దగ్గరిది ఇంకోటి దొరకదు.

బ్రిటన్‌లో జరిగింది ఇంకా విచిత్రం. అక్కడ స్థిరపడ్డ మగవాడు భార్యను రప్పించుకోవడం సులువు, స్త్రీ భర్తను రప్పించుకోవడం కష్టం అన్నట్టు నిబంధనలుండేవి. ముగ్గురు స్త్రీలు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకు వెళ్లి, ఇది లింగవివక్షేనని 1985లో తీర్పు తెచ్చుకున్నారు. ప్రభుత్వం సమానత్వం పాటించింది, ఇద్దరికీ కష్టం చేసింది!

ఇప్పటి కథలకు వస్తే హెచ్-4 వీసా. హెచ్-1బి మీద పని చేసేవాళ్ల జీవిత భాగస్వామికి ఇచ్చే ఈ వీసా మీద 2015 దాకా ఉద్యోగం చేసే హక్కే లేదు. ఆ తర్వాతైనా అవతలివాళ్ల గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశ దాటితేనే. కథలో ఇంజినీరింగ్ చదివిన అమ్మాయి ఇంట్లో కూర్చుని ఉంటే, అత్తగారి పెత్తనం అని రాసేముందు ఆమె పాస్‌పోర్టులో ఏ స్టాంపు ఉందో చూడండి. అత్తగారి పెత్తనం కూడా ఉండొచ్చు. ఆ స్టాంపు వల్లే దానికి అంత బలం వచ్చి ఉండొచ్చు.

ఈ కోణంలో నాకు తెలిసినంతలో అత్యంత శక్తిమంతమైన నవల మీ జాబితాలో లేదు. బుచీ ఎమెచెటా రాసిన 'సెకండ్ క్లాస్ సిటిజన్' (1974). నైజీరియా నుంచి లండన్ వచ్చిన ఆడా కథ. లేగోస్‌లో అమెరికన్ కాన్సులేట్ లైబ్రరీలో మంచి ఉద్యోగం చేస్తూ ఇల్లు నడిపేది ఆమే. భర్త ఫ్రాన్సిస్ లండన్ చదువుకు డబ్బు పంపేదీ ఆమే. అంటే మీ మ్యాపు ప్రకారం చూస్తే స్వదేశంలోనే ఆమె సంపాదనపరురాలు. లండన్ చేరాక అద్దె ఇల్లు దొరకడమే గగనం, తెల్లవాళ్ల దృష్టిలో ఆమె రెండో తరగతి మనిషి. పరీక్షలు తప్పుతూ ఇంట్లో కూర్చున్న భర్తకు తన ఓటమినంతా చూపించడానికి ఒకే ఒక్క చోటు దొరుకుతుంది, అది ఆమె. గర్భనిరోధక సాధనం కోసం క్లినిక్‌కి వెళ్తే భర్త సంతకం తెమ్మంటారు. అది ఇంగ్లండ్‌లోని క్లినిక్. ఆమె ఆ సంతకాన్ని ఫోర్జరీ చేస్తుంది. ఆమె రాసుకున్న మొదటి నవల రాతప్రతిని అతను తగలబెడతాడు. చివర్లో కోర్టులో, అసలు మా ఇద్దరికీ పెళ్లే కాలేదంటాడు. రుజువు చూపడానికి ఆమె దగ్గర కాగితం లేదు, వాటినీ అతను కాల్చేశాడు.

చట్టం, జాతివివక్ష, పెళ్లి ఎలా ఒకదాన్నొకటి మోస్తాయో ఆ నవల ఒక్క సిద్ధాంత వాక్యం కూడా లేకుండా చూపిస్తుంది. వీలుంటే దీన్ని చేర్చండి, అందుకోసం లాహిరి కథలు కొన్ని తగ్గించినా పర్వాలేదు.

రెండోది పని. ఎవరు వండుతున్నారు, ఎవరు జీతం తెస్తున్నారు, ఎవరికి డ్రైవింగ్ వచ్చు, పిల్లల్ని ఎవరు చూస్తున్నారు. ఇవి చిన్న వివరాలని దాటేస్తారు గానీ వలస కథల్లో స్త్రీ పురుష పాత్రల చర్చంతా ఇక్కడే జరుగుతుంది.

లాహిరి 'మిసెస్ సేన్స్' కథ తీసుకోండి ('ఇంటర్‌ప్రెటర్ ఆఫ్ మాలడీస్', 1999). మీరు దీన్ని 'ఇంటి మీద బెంగ' అన్న ఒక్క మాటతో ముగించారు. నిజమే, ఆమెకు కలకత్తా మీద బెంగ ఉంది. నేల మీద కూర్చుని కత్తిపీటతో కూరలు తరుగుతుంది, ఉత్తరాలను మళ్లీ మళ్లీ చదువుకుంటుంది, మంచి చేప కోసం తపిస్తుంది. కానీ కథ చట్రాన్ని చూడండి. భర్త యూనివర్సిటీలో గణితం చెబుతాడు. ఆమె పదకొండేళ్ల ఎలియట్‌ను స్కూలు అయ్యాక తన ఇంట్లో చూసుకుంటూ డబ్బు తీసుకుంటుంది. ప్రకటనలో ఆమె తనను పరిచయం చేసుకున్నది ప్రొఫెసర్ భార్యగా. అంటే ఆ దేశంలో ఆమెకున్న అర్హతాపత్రం భర్త ఉద్యోగమే. ఎలియట్ తల్లి ఒంటరి, దూరంలో ఉన్న ఆఫీసులో పని చేస్తుంది. మరి ఆ తెల్ల స్త్రీ స్వతంత్ర జీవనం దేని మీద నిలబడి ఉంది? ఇంకో స్త్రీ ఇంట్లో కూర్చుని ఉండటం మీద. ఆమెకు కారు నడపడం రాదు కాబట్టి, వెళ్లడానికి చోటు లేదు కాబట్టి, పిల్లాణ్ణి చూసుకోవడానికి దొరికింది. ఒకరి స్వేచ్ఛ ఇంకొకరి నిర్బంధంతో ఇంత నిశ్శబ్దంగా ముడిపడి ఉండటాన్ని గుర్తించకపోతే, స్త్రీవాద పఠనం అని పేరు పెట్టుకోవడం ఎందుకు?

ఆ కథలో కారు కూడా అలాంటిదే. మిస్టర్ సేన్ క్రూరుడు కాదు. ఓపిగ్గానే నేర్పిస్తాడు. చేపల దుకాణానికి తీసుకెళ్లడం తనకు కుదరదని చెప్పిన రోజు కూడా పనుందనే చెబుతాడు. అతని సమయానికి ఉద్యోగం విలువ కట్టింది, ఆమె సమయానికి ఎవరూ కట్టలేదు. బస్సులో చేప వాసన వస్తోందని ఒక ప్రయాణికురాలు ఫిర్యాదు చేస్తుంది. చివరికి ఆమే స్టీరింగ్ పట్టుకుంటే కారు స్తంభానికి గుద్దుకుంటుంది, ఉన్న కాస్త సంపాదనా పోతుంది. విలన్ లేడు, దెబ్బ లేదు, తిట్టు లేదు. అయినా ఒక మనిషి చుట్టూ తలుపులన్నీ మూసుకున్నాయి. భర్తలను విలన్లుగా రాయాలా అన్న మీ సందేహానికి ఈ కథే జవాబు.

'బ్రిక్ లేన్' (2003)లో మీరు నజ్నీన్, కరీమ్‌ల ప్రేమకు చాలా పేజీలిచ్చారు. ఒక అధ్యాయంలో సగం అదే. దాన్ని తగ్గించి కుట్టుమిషను మీద రాయండి. నజ్నీన్ ఇంట్లోనే కూర్చుని పీసు లెక్కన బట్టలు కుడుతుంది. ఆ బట్టల మూటలు తెచ్చి ఇచ్చేవాడే కరీమ్. ప్రేమికుడు కంటే ముందు అతను మధ్యవర్తి. ఆమె చేతికి మొదటిసారి డబ్బు వచ్చేది ఆ కుట్టుతోనే, ఇంటి గడప దాటకుండా. అదే సమయంలో ఆమె చెల్లెలు హసీనా ఢాకాలో గార్మెంట్ ఫ్యాక్టరీలో పని చేసి, పుకార్ల వల్ల ఆ ఉద్యోగం పోగొట్టుకుంటుంది. అక్కాచెల్లెళ్లు ఖండాంతరాల్లో ఉన్నారు గానీ ఇద్దరి చేతుల్లోనూ అదే గుడ్డ. ఇంకో మెలిక కూడా చూడండి: ప్రేమించి లేచిపోయి పెళ్లి చేసుకున్నది హసీనా, పెద్దలు చెప్పినవాణ్ణి చేసుకున్నది నజ్నీన్. ప్రేమ పెళ్లి స్వేచ్ఛ, పెద్దలు కుదిర్చిన పెళ్లి బంధనం అన్న సమీకరణం ఈ నవలలో పని చేయదు. చివర్లో నజ్నీన్ చానుతో ఢాకా వెళ్లనంటుంది, కరీమ్‌ను పెళ్లాడననీ అంటుంది. మీరు మొదటిదాన్ని విముక్తి అన్నారు, రెండోదాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు. నాకు రెండోదే ముఖ్యం. ఆమెను 'స్వచ్ఛమైన పల్లె పిల్ల' అనుకుని చాను చేసుకున్నాడు. లండన్‌లో పుట్టిన కరీమ్ కూడా ఆమెలో అసలైన బెంగాలీ ఇల్లాలిని చూసుకున్నాడు. ఇద్దరూ తమ ఊహనే కోరుకున్నారని ఆమె గ్రహించడం ఆ నవలకు వెన్నెముక.

'జాస్మిన్' (1989) దగ్గర మీతో నేను ఎక్కువగా విభేదిస్తాను, కాబట్టి కాస్త ఆగుతాను. పంజాబులోని హస్నాపూర్ అనే పల్లెలో జ్యోతిగా పుట్టిన పిల్ల. భర్త ప్రకాశ్ ఆమెకు జాస్మిన్ అని పేరు పెడతాడు. అతను బాంబు దాడిలో చనిపోయాక ఆమె దొంగ కాగితాలతో అమెరికా చేరుతుంది, అతని సూటు తగలబెట్టి ఆ మంటల్లో తానూ కాలిపోవాలన్న ఉద్దేశంతో. ఒడ్డు చేర్చినవాడే అత్యాచారం చేస్తే వాణ్ణి చంపుతుంది. మన్‌హాటన్‌లో ఆమెను పిల్లను చూసుకోవడానికి పెట్టుకున్న ఇంటి యజమాని టేలర్ 'జేస్' అంటాడు. అయోవాలో బ్యాంకరు బడ్ 'జేన్' అంటాడు. మీరు దీన్ని 'ఎప్పటికప్పుడు తనను తాను కొత్తగా సృష్టించుకున్న స్త్రీ' అన్నారు. నవల ఆ మాట అనుకోమనే ఊరిస్తుంది. అయితే పేర్లు ఎవరు పెట్టారో ఒకసారి చూడండి. జాస్మిన్, జేస్, జేన్, ఈ మూడూ పెట్టింది మగవాళ్లే. దాదాపు ప్రతి కొత్త జీవితానికీ ఆమెను చేర్చింది ఒక మగవాడి అవసరమో ఆదరణో. ఆధునిక భర్తగా కనిపించే ప్రకాశ్ కూడా పాత జ్యోతిని చెరిపేసి తనకు కావలసిన భార్యను మలచుకోవాలనే చూశాడు. బడ్‌కి ఆమెలో ఎక్కడో దూరదేశపు మిస్టరీ నచ్చింది. కాల్పుల్లో గాయపడి చక్రాల కుర్చీకి పరిమితమైన అతనికి సేవ చేస్తూ, అతని బిడ్డను మోస్తూ ఆమె గడిపే రోజులు ఏ సంప్రదాయ గృహిణి రోజులకూ భిన్నంగా లేవు. చివర టేలర్‌తో కాలిఫోర్నియాకు వెళ్లిపోవడాన్ని విముక్తి అనొచ్చా? అనొచ్చు, కానీ వాదించి అనాలి. నా అభిప్రాయం అడిగితే, ఆ ముగింపులో ముఖర్జీ అమెరికా కల మీద పెట్టుకున్న నమ్మకం కథ కంటే బరువెక్కింది. ఆ బరువు కింద టేలర్ భార్య వైలీ లాంటి పాత్ర నలిగిపోయింది. ఉద్యోగం చేసే ఆ తల్లి ఇల్లు, బిడ్డ ఎవరి చేతుల మీద నడిచాయో, ఆమె వెళ్లిపోయాక ఆ భర్త ఎవరి వైపు మళ్లాడో చూస్తే 'మిసెస్ సేన్స్' మళ్లీ గుర్తుకొస్తుంది, ఈసారి అవతలి వైపు నుంచి.

ఒక ఉపాయం చెబుతాను. అదే రచయిత్రి 1975లో రాసిన 'వైఫ్' నవలను పక్కన పెట్టండి. డింపుల్ కలకత్తా నుంచి భర్త అమిత్‌తో న్యూయార్క్ వస్తుంది. టీవీ చూస్తూ, ఒంటరితనంలో కుంగిపోతూ, చివరికి భర్తను కత్తితో పొడుస్తుంది. అదే దేశం, అదే దిశలో ప్రయాణం. ఫలితం పూర్తిగా వేరు. అమెరికా గడ్డే స్త్రీని విముక్తం చేస్తే డింపుల్‌ను ఎందుకు చేయలేదు? ఈ ప్రశ్నతో మొదలుపెట్టే అధ్యాయాన్ని మీ గైడు కథాసారాంశం అనరు.

భర్తల గురించి. వలసలో మగవాడి హోదా ఎలా పడిపోతుందో ఈ కథలు చాలా ఓపిగ్గా చూపిస్తాయి. ప్రమోషన్ కోసం ఎదురుచూస్తూ, సర్టిఫికెట్లు ఫ్రేములు కట్టించుకుంటూ ఉన్న చాను చివరికి టాక్సీ నడుపుతాడు. 'జాస్మిన్'లో ప్రొఫెసర్‌జీ అని అందరూ గౌరవించే మనిషి న్యూయార్క్‌లో నిజంగా చేసేది తలవెంట్రుకల వ్యాపారం, ఆ సంగతి ఇంట్లో చెప్పుకోడు. బయట పోయిన అధికారాన్ని ఇంట్లో రాబట్టుకోవడం ఒక తీరు, అది ఫ్రాన్సిస్. బయట పోయిందని ఇంట్లో కూడా ఒప్పుకోలేకపోవడం ఇంకో తీరు. చాను మీద పాఠకులకు జాలి కలుగుతుంది, కలగాలి కూడా, ఆ నవలలో అలీ సాధించిన గొప్ప విషయాల్లో అదొకటి. జాలి పడుతూనే, అతని కాలి ఆనెలు కోసేది ఎవరో గుర్తుంచుకోండి. జాతివివక్ష అతన్ని బాధించిందన్నది నిజం. ఆ బాధ ఖర్చు ఇంట్లో ఎవరి ఖాతాలో పడిందన్నది వేరే ప్రశ్న. రెండూ రాయండి.

స్త్రీల హోదా పడిపోవడం మీద ఎవరూ ఇంత శ్రద్ధ పెట్టరు. మ్యాక్సీన్ హాంగ్ కింగ్‌స్టన్ 'ది వుమన్ వారియర్' (1976)లో తల్లి బ్రేవ్ ఆర్కిడ్ చైనాలో వైద్యురాలు, అమెరికాలో లాండ్రీ నడుపుతుంది. దాన్ని విషాదమని ఎవరూ అనరు, అది సర్దుకుపోవడం అనిపించుకుంటుంది.

ఆ పుస్తకంలో మూన్ ఆర్కిడ్ కథ కూడా చదవండి. దశాబ్దాల పాటు భర్త అమెరికా నుంచి డబ్బు పంపుతాడు, మనిషిని మాత్రం రప్పించుకోడు. ఆమె వచ్చేసరికి అతనికి అక్కడ ఇంకో భార్య, ఇంకో జీవితం. డబ్బు పంపుతున్నాడు కాబట్టి మంచి భర్తేనని లెక్క వేసుకున్న ఒక ప్రపంచం మొత్తం ఆ ఒక్క సన్నివేశంలో కూలుతుంది.

మీరు అసలు అడగని విషయం ఒకటుంది, అడిగితే బాగుండేది. ఈ పెళ్లిని మనకు చెబుతున్నదెవరు? లాహిరి 'ది థర్డ్ అండ్ ఫైనల్ కాంటినెంట్' కథను హాయిగా ముగిసే దాంపత్య కథగా అందరూ ఇష్టపడతారు. నాకూ ఇష్టమే. కానీ చెప్పేవాడు భర్త. పెళ్లైన కొత్తలో పక్కన భార్య మాల తన అమ్మానాన్నల కోసం ఏడుస్తుంటే తాను ఓదార్చలేదని అతనే చెబుతాడు. వాళ్ల మధ్య మంచు కరిగేది, నూట మూడేళ్ల అమెరికన్ ఇంటి యజమానురాలు మాలను తేరిపార చూసి సర్టిఫికెట్ ఇచ్చాక. ఆ క్షణంలో మాలకు ఏమనిపించిందో కథలో లేదు. కథ గొప్పదైనా ఆ ఖాళీ ఖాళీయే, దాన్ని చూపించడం విమర్శకురాలి హక్కు. 'హెల్-హెవెన్' ('అన్‌అకస్టమ్డ్ ఎర్త్', 2008) ఇందుకు సరిగ్గా ఎదురు. అక్కడ చెప్పేది కూతురు. తల్లి అపర్ణను ఆమె బాల్యమంతా చాదస్తపు మనిషిగానే చూస్తుంది. చాలా ఏళ్ల తర్వాత, తన మనసు విరిగిన రోజున, అమ్మ ఒకప్పుడు పెరట్లో నిప్పంటించుకోబోయిందని తెలుస్తుంది. రోజూ వండి పెడుతూ, పక్కనే తిరుగుతూ ఉన్న మనిషి లోపల ఏముందో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈ రెండు కథలనూ పక్కపక్కన పెడితే మీకు ఒక అధ్యాయం సిద్ధం.

రెండో తరం గురించి ఎక్కువ చెప్పను. 'అన్‌అకస్టమ్డ్ ఎర్త్' శీర్షిక కథలో రూమా లాయరు. తనకు నచ్చిన అమెరికన్‌ను చేసుకుంది. సియాటిల్‌లో ఉద్యోగం మానేసి, పిల్లాడితో, కడుపులో ఇంకో బిడ్డతో, ఊళ్లు తిరిగే భర్త కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. తన భార్య జీవితం కూతురి ఇంట్లో మళ్లీ మొదలవడం తండ్రి గమనిస్తాడు. పెద్దలు కుదిర్చిన పెళ్లి లేదు, అత్తగారు లేరు, వీసా గొడవ లేదు. అయినా ఆమె అక్కడికే చేరింది. మీ శీర్షికలోని 'సంప్రదాయ వివాహం' ఈ కథను ఎలా వివరిస్తుంది?

ఇక మన సంస్కృతిని తిట్టినట్టవుతుందా అన్నది. ఈ భయం మీ ఒక్కరిదే కాదు. 'బ్రిక్ లేన్' తమను కించపరిచిందని అక్కడి బంగ్లాదేశీ సమాజంలో కొందరు అభ్యంతరం చెప్పారు, 2006లో సినిమా తీసేటప్పుడు ఊరేగింపు కూడా చేశారు. జాతివివక్ష మధ్య బతికే సమాజానికి ఇంటి గుట్టు బయటపడితే అవతలివాళ్ల చేతికి ఆయుధమిచ్చినట్టు అనిపించడం సహజం. అయితే ఆ గుట్టు కాపాడే బాధ్యత ఎప్పుడూ ఆడవాళ్ల మీదే ఎందుకు పడుతుందో చరిత్రకారుడు పార్థా ఛటర్జీని చదివితే కొంత తెలుస్తుంది. వలస పాలన కాలంలో జాతీయవాదులు బయటి ప్రపంచంలో పాశ్చాత్య పద్ధతులు తీసుకుంటూ, ఇంటిని మాత్రం తమ ఆత్మకు నెలవుగా మిగుల్చుకున్నారని, ఆ ఇంటికి ప్రతినిధిగా స్త్రీని నిలబెట్టారని ఆయన వాదన. విదేశంలో భర్త ప్యాంటు వేసుకుని ఆఫీసుకు వెళ్తే సంస్కృతికి ఏమీ కాదు, భార్య దుస్తులు మారితే మాత్రం అవుతుంది. చిత్రా బెనర్జీ దివాకరుణి 'క్లోత్స్' కథలో సుమిత భర్త కొనిచ్చిన జీన్స్‌ను పడకగది తలుపు వేసుకునే వేసుకుంటుంది. కాలిఫోర్నియాలో ఉన్నా, అత్తమామల ముందు కొంగు తల మీద ఉండాల్సిందే.

తెలుగులో వచ్చే అమెరికా కథల్ని ప్రాజెక్టులో చేర్చలేకపోయినా చదువుతూ ఉండండి. పురిటికి వెళ్లిన అమ్మ, మనవడిని చూసుకోవడానికి ఆరు నెలలు ఉండి వచ్చిన అత్తగారు మన కథల్లో ఎప్పుడూ ఉంటారు. కూతురు లేదా కోడలు ఉద్యోగం చేయగలుగుతోందంటే ఆ జీతం లేని ఆరు నెలల చాకిరీ ఉంది కాబట్టి. ఇంగ్లీషు వలస సాహిత్యంలో ఈ పెద్దావిడకు అంతగా దక్కని చోటు తెలుగు కథలో దక్కింది, ఎక్కువగా హాస్యం కోసమే అయినా.

పని జరిగే పద్ధతి చెప్పి ఆపేస్తాను. సిద్ధాంతాన్ని మొదటి అధ్యాయంలో కుప్పపోయకండి. కాగితాలు, పని, కథనం అని మూడు అధ్యాయాలు చేసుకుని, అవసరమైన చోట అవసరమైన సిద్ధాంతకర్తను పిలవండి. కాగితాల అధ్యాయంలో ఎమెచెటాతో పాటు 'జాస్మిన్'లోని దొంగ పాస్‌పోర్టు ప్రయాణం, క్రెన్‌షా. పనిలో 'మిసెస్ సేన్స్', 'బ్రిక్ లేన్', కావాలంటే రూమా. కథనంలో లాహిరి కథలు రెండు, 'వైఫ్', 'జాస్మిన్' కలిపి. ఒక పుస్తకం రెండు అధ్యాయాల్లో కనిపిస్తే తప్పేమీ లేదు, గైడు అడిగితే కారణం చెప్పగలగాలి, అంతే. శీర్షికలోంచి 'నుంచి', 'వైపు' తీసేయండి. గడువు దగ్గర పడి ఎమెచెటా నవల దొరక్కపోతే 'బ్రిక్ లేన్' కుట్టుమిషను అధ్యాయం ముందు రాసుకోండి. మీ దగ్గరున్న నోట్సుతో సులువుగా తేలేది అదే.